ఏది భద్రమైన ఆట?

"సేఫ్" అనే మాట మన ఇళ్లలోకి ఎప్పుడు వచ్చి చేరిందో గానీ, ఆడపిల్లలున్న ఇంట్లో దానికి ఉన్నంత పని ఇంకే మాటకీ లేదు. సేఫ్ కాలేజీ, సేఫ్ ఉద్యోగం, సేఫ్ ఏరియా, చీకటి పడకముందే సేఫ్‌గా ఇల్లు చేరడం. ఈ మధ్య మా ఇంట్లో ఈ జాబితాకి ఇంకోటి కలిసింది: సేఫ్ గేమ్. మోకాలు దెబ్బతిని జిమ్నాస్టిక్స్ వదిలేయాల్సి వచ్చిన పదిహేనేళ్ల పిల్ల ఇక ముందు ఏం ఆడాలి అన్న ప్రశ్నకి ఇంటిల్లిపాదీ చెప్పిన జవాబు ఇది.

దీంట్లో తప్పేముంది అని మీరు అడగొచ్చు. దెబ్బ తగిలిన పిల్లని జాగ్రత్తగా ఉండమనడం కూడా పితృస్వామ్యమేనా, మీకు అన్నింట్లోనూ అదే కనిపిస్తుంది అని విసుక్కోవచ్చు కూడా. నా పేచీ జాగ్రత్తతో కాదు. రెండు వేరు వేరు సంగతుల్ని ఒకే మాటలో మూటగట్టి, మొదటిది చూపించి రెండోదానికి కూడా పిల్ల చేత తల ఊపించుకోవడంతో. ఆ మూట విప్పి చూద్దామనే ఇదంతా రాస్తున్నాను.

ఆ పిల్ల మా అన్న కూతురు. మేముండేది గౌలిపురాలో. పాతబస్తీ అనగానే చార్మినారు, బిర్యానీ, కర్ఫ్యూ తప్ప ఇంకేమీ గుర్తురాని వాళ్ల కోసం చెప్తున్నాను, లాల్ దర్వాజా, గౌలిపురా, అలియాబాద్, ఉప్పుగూడ వైపు తరతరాలుగా తెలుగు మాట్లాడుకునే కుటుంబాలు చాలానే ఉన్నాయి. మా తెలుగులో సగం ఉర్దూ. మా పక్కింటి ఖాలా ఉర్దూలో పావు వంతు తెలుగు. ఆడపిల్లల విషయంలో మాత్రం రెండిళ్లదీ ఒకటే భాష.

పిల్ల ఆరేళ్లప్పుడు మూసీ అవతల ఒక హాల్లో చేరింది. తొమ్మిదేళ్లు రోజూ సాయంత్రం వంతెన దాటి వెళ్లడం, రాత్రి ఎనిమిదింటికి తిరిగి రావడం. పోయినేడు వాల్ట్ మీంచి కిందికి దిగుతున్నప్పుడు ఎడమ మోకాలు లోపలికి మడతపడింది. టప్‌మని చప్పుడు తనకే వినపడిందట. ఏసీఎల్ అనే లిగమెంటు తెగింది. ఆపరేషన్, తర్వాత నెలల తరబడి ఫిజియోథెరపీ. చివరికి డాక్టరమ్మ చెప్పిన మాట ఇది: నడవొచ్చు, పరిగెత్తొచ్చు, ఆటలు కూడా ఆడొచ్చు, కానీ మళ్లీ వాల్ట్ చేస్తానంటే మాత్రం నేను సరే అనలేను.

డాక్టరమ్మ అక్కడితో ఆగింది. ఇంట్లో వాళ్లు అక్కణ్ణించి అందుకున్నారు. చదరంగం ఆడమన్నాడు మా అన్న. క్యారమ్స్ అంది వదిన. "ఇగ ఆటలెందుకే, కుట్టుమిషన్ నేర్చుకో. కాలిరగ్గొట్టుకుని కూసుంటే రేపు ఎవడు చేస్కుంటడు?" అంది మా అమ్మ. ఖాలా వచ్చి కరాటే అయితే మంచిది, రోడ్డు మీద పనికొస్తుంది అని సలహా చెప్పి పోయింది. మోకాలు బాగాలేని పిల్లకి కరాటే ఎలా సేఫ్ అయ్యిందో ఆలోచించండి. ఆమె దృష్టిలో ప్రమాదం మోకాట్లో లేదు, రోడ్డు మీద ఉంది.

ముందు మోకాలి సంగతి చూద్దాం. జిమ్నాస్టిక్స్‌లో పై నుంచి దిగేటప్పుడు కాళ్ల మీద పడే బలం ఒంటి బరువుకి ఎన్నో రెట్లు ఉంటుంది, కొన్ని దూకుళ్లలో పది రెట్లకీ పోతుంది. గెంతడం, దిగడం, చటుక్కున మలుపు తిరగడం ఉన్న ఆటల్లో ఏసీఎల్ తెగడం మగవాళ్లలో కంటే ఆడవాళ్లలో రెండు నుంచి ఎనిమిది రెట్లు ఎక్కువని క్రీడా వైద్యులు చెప్తూ వస్తున్నారు. దీనికి చాలాకాలం శరీర నిర్మాణాన్నే కారణంగా చూపించారు: వెడల్పాటి నడుము, హార్మోన్లు, సన్నటి లిగమెంటు. అందులో నిజం ఉండొచ్చు. కానీ దిగే పద్ధతి నేర్పి, తొడ వెనక కండరాలకీ నడుముకీ బలం వచ్చే వ్యాయామాలు చేయిస్తే ఈ గాయాలు దాదాపు సగానికి తగ్గుతాయని కూడా అధ్యయనాల్లో తేలింది. అంటే తేడా అంతా పుట్టుకతో వచ్చింది కాదు. ఎవరికి ఎంత నేర్పారు, ఎవరికి జిమ్ తాళాలు ఇచ్చారు, ఎవరికి తిండి పెట్టారు అన్నవి కూడా మోకాటి దాకా వస్తాయి. "ఆడపిల్ల ఒళ్లు, అంతే" అని తేల్చెయ్యడం ఎంత తేలికో!

ఇంకో లెక్క కూడా ఉంది, ఇది మా పిల్లకి సూటిగా సంబంధించింది. ఏసీఎల్ ఆపరేషన్ అయ్యాక మళ్లీ అలాంటి ఆటలోకే వెళ్లిన పాతికేళ్ల లోపు వాళ్లలో నలుగురికి దాదాపు ఒకరికి రెండోసారి తెగుతుంది, అదే కాలికో, రెండో కాలికో. డాక్టరమ్మ "సరే అనలేను" అనడానికి వెనక ఉన్నది ఇది. ఇలాంటి అంకెని పిల్లకి చెప్పాలి, దాచకూడదు. చెప్పాక నిర్ణయం ఎవరిదన్నది తర్వాతి మాట.

అయితే ఈ లెక్క ప్రకారం చూస్తే సేఫ్ గేమ్ అనే వస్తువు విడిగా ఏదీ లేదు. మన హైదరాబాదులో తల్లిదండ్రులు కళ్లు మూసుకుని సేఫ్ అనుకునే ఆట బ్యాడ్మింటన్. నీడపట్టున ఆడేది, ఎవరూ మీద పడరు, పైగా సైనా, సింధు ఉన్నారు. కానీ 2001లో ఆల్ ఇంగ్లండ్ గెలిచిన గోపీచంద్ 1990లలోనే మోకాటికి ఆపరేషన్లు చేయించుకున్నవాడు. సైనా 2016లో రియో నుంచి తిరిగొచ్చాక మోకాటికి శస్త్రచికిత్స చేయించుకుంది. సింధు 2022లో బర్మింగ్‌హామ్‌లో కామన్వెల్త్ స్వర్ణం గెలిచినప్పుడు ఎడమ కాల్లో ఎముక చిట్లి ఉంది, దాంతో ఆ ఏడు ప్రపంచ చాంపియన్‌షిప్ పోటీలకి వెళ్లలేకపోయింది. మోకాటికి ఏది భారమో, ఎంత భారమో తెలుసుకుని ఆడాలి. అంతేగానీ ఆట పేరు చూసి భద్రమని ముద్ర వెయ్యడానికి లేదు.

ఇక మూటలోని రెండో సంగతి. మా వైపు మగపిల్లలకి తాలీంఖానాలు ఉన్నాయి. పాతబస్తీలో కుస్తీకి పెద్ద చరిత్రే ఉంది. కుస్తీ పట్టి పట్టి చెవులు నలిగి ఉబ్బిపోయిన పెద్దమనిషి వీధిలో నడిచొస్తుంటే "పహిల్వాన్ సాబ్" అని దారిస్తారు. ఆ చెవి ఆయనకి బిరుదు. అదే మా పిల్ల మోకాలి మీది నాలుగంగుళాల కుట్టు గుర్తు పెళ్లిచూపుల్లో దాచాల్సిన సంగతి అవుతుంది. రెండూ ఆటలో తగిలిన దెబ్బలే కదా. నిజామాబాదు నుంచి వచ్చిన నిఖత్ జరీన్ బాక్సింగ్ మొదలుపెట్టిన కొత్తలో ముఖం మీద దెబ్బలతో ఇంటికొస్తే తల్లి పెళ్లి గురించి బెంగపడిందని తనే ఇంటర్వ్యూల్లో చెప్పింది. 2022లో, 2023లో ప్రపంచ చాంపియన్ అయ్యాక ఆ బెంగ అందరూ ముచ్చటగా చెప్పుకునే కథ అయింది. గెలవకపోయుంటే? గెలవని నిఖత్‌లు మన వీధుల్లో ఎంతమందో, వాళ్ల తల్లుల బెంగ మీద ఎవరూ ముచ్చట రాయరు.

చిన్నప్పుడు మేం కొంచెం గట్టిగా గెంతితే పెద్దవాళ్లు తిట్టే తిట్టు ఒకటుండేది: "దొమ్మరిదాని లెక్క ఆ గెంతులేందే!" ఆ తిట్టులో కులం ఉంది, ఆడదాని ఒళ్లు ఉంది, రెండిటి మీదా ఏవగింపు ఉంది. తెలుగు నేల మీద ఆడవాళ్ల జిమ్నాస్టిక్స్ ఎప్పణ్ణించి ఉందని అడిగితే మనం ఏ సంఘం పెట్టిన ఏడో వెతుకుతాం. దొమ్మరి ఆడవాళ్లు తరాల తరబడి ఊరి నడిమధ్య వెదురు గడ పాతి, దాని కొసకెక్కి, కడుపు కొస మీద ఆనించి గిరగిరా తిరిగారు. కింద వల లేదు, పరుపు లేదు. డోలు కొట్టేది అయ్యో, అన్నో. పైన ప్రాణం పణంగా పెట్టేది పిల్ల. చూసినవాళ్లు చప్పట్లు కొట్టి, గుప్పెడు గింజలు వేసి, ఇంటికెళ్లి తమ కూతుళ్లని "దానిలాగా గెంతొద్దు" అని తిట్టారు. సేఫ్ గేమ్ చూసుకో బిడ్డా అని ఆ పిల్లతో ఒక్కరైనా అన్నారా? ఆకలి ఉన్నచోట ఆ మాట పుట్టదు. మా ఇంట్లో ఆ ప్రశ్న వేసుకునే వీలు ఉండడమే ఒక హోదా. అది మర్చిపోయి రాస్తే ఈ వ్యాసం ఉత్త మధ్యతరగతి గోడు అయిపోతుంది.

చూపుల సంగతి కూడా ఇక్కడే చెప్పాలి. జిమ్నాస్ట్ వేసుకునే లియోటార్డ్ గురించి మా బంధువుల్లో జరిగినంత చర్చ మోకాలి గురించి జరగలేదు. "ఆ డ్రెస్ పోయింది, అదొక్కటే మంచిదయింది" అని ఒకావిడ నా ముందే అంది, పిల్ల వింటుండగానే. పిల్ల కాలు విరిగితే దొరికిన లాభం! 2021లో టోక్యో ఒలింపిక్స్‌లో జర్మనీ జిమ్నాస్టులు చీలమండల దాకా ఉండే దుస్తులేసుకుని పోటీకి దిగారు. ఒళ్లు కప్పుకోవాలని కాదు, ఏం వేసుకుంటే హాయిగా ఉంటుందో ఎవరికి వాళ్లే తేల్చుకోవాలని. ఆ తేడా మా బంధువులకి అర్థం కాకపోతే ఆశ్చర్యం లేదు. క్రీడల్ని నడిపేవాళ్లకే అర్థం కావడం లేదు.

మన బుద్దా అరుణారెడ్డి సంగతి చూడండి. హైదరాబాదు పిల్ల. చిన్నప్పుడు కరాటేలో బ్లాక్ బెల్ట్ దాకా వెళ్లి, ఎల్బీ స్టేడియంలో జిమ్నాస్టిక్స్‌కి మారింది. 2018లో మెల్‌బోర్న్‌లో వాల్ట్‌లో 13.649 మార్కులతో కాంస్యం తెచ్చింది, జిమ్నాస్టిక్స్ ప్రపంచ కప్‌లో మన దేశానికి వచ్చిన తొలి వ్యక్తిగత పతకం అది. 2019లో మోకాలి లిగమెంటు దెబ్బతింది. వదల్లేదు. 2021 చివర కైరోలో ఫారోస్ కప్‌లో వాల్ట్‌లోనూ ఫ్లోర్‌లోనూ రెండు స్వర్ణాలు గెలిచింది. ఆ మరుసటి ఏడు, 2022లో, ఢిల్లీలో ఫిట్‌నెస్ పరీక్ష జరుగుతుండగా తన అనుమతి లేకుండా వీడియో తీశారని ఫిర్యాదు చేసింది. దాని మీద స్పోర్ట్స్ అథారిటీ విచారణ కమిటీ వేసింది. ఫిర్యాదులో నిజానిజాలు తేల్చడం నా పని కాదు. నేను అనేది ఒకటే. తెగిన లిగమెంటుని కుట్టుకుని, రెండేళ్లు కష్టపడి, మళ్లీ వాల్ట్ దగ్గరికి పరిగెత్తిన మనిషి ఏ ప్రమాదాన్ని తను ఒప్పుకుందో, ఏది ఒప్పుకోలేదో తనే స్పష్టంగా గీత గీసి చెప్పింది. పడిపోవచ్చు అన్నది ఆమె ఒప్పుకున్న ప్రమాదం. కెమెరా ఆమె ఒప్పుకున్నది కాదు. "ఆటలంటే అవన్నీ ఉంటాయి" అని రెండిటినీ కలిపేసేవాళ్లు మా ఇంట్లో సేఫ్ అనే మాటతో రెండిటినీ కలిపేసినవాళ్లకి దగ్గరి చుట్టాలే. 2018లో అమెరికాలో లారీ నాసర్ అనే డాక్టరుకి శిక్ష పడినప్పుడు వందమందికి పైగా ఆడపిల్లలు కోర్టులో నిలబడి మాట్లాడారు. వాళ్లలో చాలామంది జిమ్నాస్టులు. వాళ్లని గాయపరిచింది బీమ్ కాదు, బార్ కాదు. వైద్యం చేసే గది.

అరుణ కథ మా పిల్లకి చెప్పినవాళ్లు చాలామంది. మా స్నేహితురాళ్లు కూడా, ఎంతో ప్రేమతో. "అరుణ తిరిగి రాలేదా? నువ్వూ లేవాలి. గెలిచి చూపించాలి." ఈ మాట వినడానికి ఎంత బాగుంటుందో, ఒక పదిహేనేళ్ల పిల్ల మోకాటి మీద అంత బరువూ వేస్తుంది. ఒకవైపు ఇల్లు "చాలించు" అంటుంది, ఇంకోవైపు మనలాంటివాళ్లం "లొంగిపోకు" అంటాం. పిల్ల తన కాలు గురించి తను ఆలోచించుకోవడానికి మధ్యలో జాగా ఏది?

మన దేశం కూడా ఆ రెండో గొంతుతోనే మాట్లాడుతుంది. 2016లో రియోలో దీపా కర్మాకర్ ప్రొడునోవా వాల్ట్ చేసినప్పుడు టీవీల ముందు కూర్చుని మనమంతా ఊపిరి బిగబట్టాం. పత్రికలు దానికి "మృత్యు వాల్ట్" అని పేరు పెట్టి మురిసిపోయాయి. 15.066 మార్కులు, నాలుగో స్థానం, 0.15 తేడాతో పతకం పోయింది. మరుసటి ఏడే ఆమెకి ఏసీఎల్ ఆపరేషన్ జరిగింది. దీపా ఆ వాల్ట్‌ని తెలిసే ఎంచుకుంది, వేలసార్లు సాధన చేసింది, ఆమె ధైర్యాన్ని తక్కువ చేసే హక్కు నాకు లేదు. 2024లో ఆట విరమించేదాకా తన లెక్కలు తనే వేసుకున్న మనిషి ఆమె. కానీ చచ్చిపోవచ్చు అన్న సంగతే మనకి ఎందుకంత రుచించింది? వెదురు గడ చుట్టూ నిలబడి చప్పట్లు కొట్టినవాళ్లకీ మనకీ మధ్య టీవీ తెర తప్ప ఇంకేం తేడా ఉంది?

ఎలెనా ముఖినా పేరు ఇప్పటి పిల్లలకి తెలియకపోవచ్చు. 1978లో ప్రపంచ చాంపియన్ అయిన సోవియట్ అమ్మాయి. 1979లో కాలు విరిగింది. పూర్తిగా మానకముందే మాస్కో ఒలింపిక్స్ కోసం తొందరపెట్టి మళ్లీ సాధనకి దించారు. 1980 జులైలో, ఒలింపిక్స్‌కి రెండు వారాల ముందు, థామస్ సాల్టో అనే కష్టమైన పల్టీ చేస్తూ గడ్డం నేలకి తగిలి వెన్నుపూస విరిగింది. మెడ కింది నుంచి శరీరం చచ్చుబడిపోయింది. ఆ తర్వాత ఇరవయ్యారేళ్లు మంచం మీద బతికి 2006లో చనిపోయింది. తర్వాత కొన్నేళ్లకి ఆడవాళ్ల పోటీల్లో ఆ పల్టీని నిషేధించారు. వద్దు అనగలిగే చోటు ఆ అమ్మాయికి ఎక్కడా మిగల్లేదు. దేశం, కోచ్, పతకం అన్నీ ఒకవైపే నిలబడ్డాయి.

వద్దు అనగలిగే చోటు అన్నాను కదా, దాన్ని నలభై ఏళ్ల తర్వాత ప్రపంచమంతా చూస్తుండగా సిమోన్ బైల్స్ వాడుకుంది. 2021లో టోక్యోలో గాల్లో తిరుగుతుండగా తన ఒళ్లు ఎక్కడుందో తనకి తెలియకుండా పోతోందని గ్రహించి పోటీ మధ్యలో తప్పుకుంది. పిరికిదని తిట్టినవాళ్లున్నారు. ఆమెకి వచ్చిన భయం పిరికితనం కాదు, అది సమాచారం. నేల ఎంత దూరంలో ఉందో చెప్పే ఇంద్రియం పని చేయడం లేదన్న సమాచారం. అప్పటికే ఎన్నో స్వర్ణాలు ఉన్నాయి కాబట్టి ఆమె భయాన్ని సగం ప్రపంచమైనా గౌరవించింది. మా గౌలిపురా పిల్లకి జిల్లా స్థాయి సర్టిఫికెట్లు నాలుగున్నాయి.

ఒకరోజు మేడ మీద బట్టలు తీస్తుంటే నన్ను అడిగింది. "అత్తా, నాకు వాల్ట్ అంటే భయమైతుంది. కాలు మంచిగైనా గూడ భయమైతుంది. గట్ల చెప్తే ఓడిపోయినట్టేనా?"

నేను వెంటనే జవాబు చెప్పలేదు. ఎందుకంటే అందులో రెండు ప్రశ్నలున్నాయి. భయం చెప్తే నాయనమ్మ మాట నెగ్గినట్టవుతుందా అన్నది ఒకటి. చెప్పకపోతే తన మోకాటికి తనే అబద్ధం చెప్పినట్టవుతుందా అన్నది రెండోది. స్త్రీవాదం గురించి ఇన్నేళ్లు చదివి, రాసి, మనం "నా శరీరం మీద హక్కు నాదే" అంటూ వచ్చాం. ఆ హక్కులో సాహసం చెయ్యడానికి ఉన్నంత చోటు జాగ్రత్త పడడానికి కూడా ఉండాలి కదా. అమ్మాయి ప్రమాదాన్ని ఎంచుకుంటే విముక్తి, క్షేమాన్ని ఎంచుకుంటే లొంగుబాటు అని లెక్క కడితే అది కూడా ఆమె తరఫున ఇంకొకరు వేసిన లెక్కే. కారణం తనదైనప్పుడు మానుకోవడం కూడా ఆమె చేసిన పనే అవుతుంది. "నీ మోకాలు చెప్తే విను, నాయనమ్మ చెప్తే వినకు. రెండూ ఒకే మాట చెప్పినా సరే, ఎవరి మాట విన్నావో నీకు తెలిస్తే చాలు" అన్నాను. అర్థమైందో లేదో, బట్టలు మడతపెడుతూ ఊఁ కొట్టింది.

ఇక్కడ ఒక చిక్కు ఉంది, దాన్ని దాటేయడం నాకిష్టం లేదు. పదిహేనేళ్ల పిల్ల తన ప్రమాదాన్ని తనే ఎంచుకుంటుందంటే సరే. ఆరేళ్లప్పుడు ఎవరు ఎంచుకున్నారు? జిమ్నాస్టిక్స్‌లో పిల్లలు ఐదారేళ్లకే మొదలుపెడతారు. అంతర్జాతీయ సీనియర్ పోటీలకి కనీస వయసు పదహారని 1997లో నియమం తెచ్చారు. మంచిదే. కానీ పదహారుకి అక్కడ నిలబడాలంటే ఆరు నుంచీ ఒళ్లు వంచుతూ రావాలి. ఒప్పుకునే వయసు వచ్చేసరికి ఒప్పుకోవాల్సిన దాంట్లో చాలా భాగం అయిపోయి ఉంటుంది. దీనికి నా దగ్గర తేలికైన పరిష్కారం లేదు. పిల్లల్ని పద్దెనిమిది దాకా ఇంట్లో కట్టేసి ఉంచలేం, సంగీతమైనా నాట్యమైనా చిన్నప్పుడే మొదలవుతుంది. ఒక్కటి మాత్రం అడగొచ్చనుకుంటాను. మధ్యలో ఎప్పుడైనా "ఇంక వద్దు" అంటే, తొమ్మిదేళ్లు పెట్టిన డబ్బూ సమయమూ లెక్క చెప్పకుండా వినే పెద్దవాళ్లు ఆ పిల్ల చుట్టూ ఉన్నారా?

మా అన్న ఆ లెక్క చెప్పలేదు. అది ఆయన మంచితనం. ఆయనకి కావలసిందల్లా పిల్ల ఇంట్లో కూర్చుని ఆడే ఆట. చదరంగం మీద నాకేం కోపం లేదు. కోనేరు హంపి, ద్రోణవల్లి హారిక పుట్టిన భాష మనది. కానీ తొమ్మిదేళ్లు తలకిందులుగా నిలబడిన ఒంటికి చదరంగం చాలదు. బయటివాళ్లకి ఇది అర్థం కాదు. మా పిల్ల పోగొట్టుకున్నది పతకం కాదు, అది ఎప్పుడూ చేతికందే దూరంలో లేదు. గాల్లో ఉన్న ఆ అర సెకను పోయింది. చేతుల మీద నిలబడినప్పుడు గదంతా తిరగబడి కనిపించడం పోయింది. సాయంత్రం ఐదవుతుంటే ఒళ్లు దానంతటదే లేచేది, ఇప్పుడు ఆ వేళకి గోడకి చేరగిలబడి కూర్చుంటుంది. ఏ ఆట భద్రం అని ఇంత చర్చించిన మేం, ఏ ఆటలో ఈ ఒంటికి సంతోషం దొరుకుతుంది అని మొదటి మూడు నెలల్లో ఒక్కసారి కూడా ఆమెని అడగలేదు.

జిమ్నాస్టిక్స్ వదిలిన ఒళ్లు వృథా పోదు. ఎలెనా ఇసిన్‌బయేవా ఐదేళ్ల వయసు నుంచి పదిహేను దాకా జిమ్నాస్టే. పొడుగు ఎక్కువైందని ఆ దారి మూసుకుపోతే పోల్ వాల్ట్‌కి మారింది, 2004లో, 2008లో ఒలింపిక్ స్వర్ణాలు గెలిచింది, 2005లో ఐదు మీటర్లు దాటిన తొలి మహిళ అయింది. మా పిల్లకి పోల్ వాల్ట్ చెప్పలేదనుకోండి, మా అమ్మ గుండె ఆగిపోతుంది! షూటింగ్‌లో మోకాటికి పెద్దగా పని లేదు. మన హైదరాబాదు అమ్మాయి ఈషా సింగ్ 2023లో హాంగ్‌ఝౌ ఆసియా క్రీడల నుంచి నాలుగు పతకాలు తెచ్చింది. కానీ పిస్టల్, తూటాలు, రేంజి ఖర్చు మా అన్న కిరాణా కొట్టు మీద వెళ్లేవి కావు. విలువిద్యదీ అదే కథ. భద్రమైన ఆటల్లో చాలా వాటికి ధర ఎక్కువ. ఖర్చు లేకుండా ఆడగలిగే కబడ్డీ, ఖోఖోల్లో మోకాలు మిగలదు.

పిల్ల చివరికి ఈత అంది. ఫిజియోథెరపీలో భాగంగా ఎనిమిది వారాలు నీళ్లలో నడిపించారు, అక్కడ పట్టుకుంది. నీళ్లలో బరువుండదు, పల్టీ కొట్టొచ్చు, దిగేటప్పుడు నేల తగలదు. డాక్టరమ్మ సంతోషంగా ఒప్పుకుంది. కాళ్లు పక్కకి తన్నే బ్రెస్ట్ స్ట్రోక్ మాత్రం ఇప్పుడప్పుడే వద్దు, మోకాలు మెలిపడుతుంది, ఫ్రీస్టయిల్, బ్యాక్ స్ట్రోక్ చెయ్యి అంది. ఏళ్ల తరబడి ఈదితే భుజాలు నొప్పి పెడతాయని కూడా ముందే చెప్పింది. అలా అన్నీ చెప్పే డాక్టర్లు తక్కువ.

మోకాటికి ఇంతకంటే భద్రమైన ఆట దొరకదు. సరిగ్గా అందుకే మూట విప్పుకుంది. ఇంట్లో ఒక్కసారిగా అందరికీ మోకాలు గుర్తులేకుండా పోయింది. ఈత దుస్తులు, తడి జుట్టుతో వంతెన మీదుగా రావడం, కొలను గట్టు మీద నిలబడే మగవాళ్లు, నలుపెక్కే రంగు. "సేఫ్ గేమ్ అంటే ఇదా?" అంది వదిన. ఇంతకాలం ఏ సేఫ్ గురించి మాట్లాడుతున్నామో ఆ ఒక్క వాక్యంతో బయటపడింది. ఖాలా మాత్రం ఈసారి మా అందర్నీ ఆశ్చర్యపరిచింది. వాళ్ల మనవరాలికి మోచేతులు, మోకాళ్ల కింద దాకా ఉండే ఈత దుస్తులు కొన్నారట, పిల్లకి కావాలంటే కొట్టు పేరు చెప్తానంది. పిల్ల ఆలోచించి, నాకు పొడుగు చేతులు వద్దు, మోకాళ్ల దాకా ఉండేది చాలు, మోకాలికి వెచ్చగా ఉంటది అంది. తన కారణం తను చెప్పింది. అది మోకాటి కారణం.

మా అన్న వారం రోజులు మాట్లాడలేదు. ఎనిమిదో రోజు వెళ్లి ఫీజు కనుక్కుని వచ్చాడు. ఇప్పుడు మిగిలిన తగవు వేరే. మాకు అందుబాటులో ఉన్న కొలనులో ఆడవాళ్ల బ్యాచ్ పొద్దున పదకొండు నుంచి పన్నెండు దాకా. ఆ వేళకి ఏ ఆడపిల్ల అయినా బళ్లో ఉంటుంది. సాయంత్రం నాలుగు నుంచి ఎనిమిది దాకా అంతా మగపిల్లలకి. సాయంత్రం ఒక్క గంట కావాలని పిల్ల అర్జీ రాసింది, ఖాలా మనవరాలు దాన్ని ఉర్దూలోకి మార్చింది, ఇద్దరూ కలిసి రెండు గల్లీలు తిరిగి పదకొండు సంతకాలు తెచ్చారు. కౌంటర్లో కూర్చునే ఆయన, ఆదివారం రమ్మన్నాడు.